ఫ్రీమేసన్లు కళల మీద వేసిన ముద్ర: డాలర్ నోటు పక్కన పెట్టి మోజార్ట్ దగ్గరికి వెళ్దాం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఫ్రీమేసన్లే తెర వెనక ఉండి చరిత్రను, కళలను నడిపించారని వీడియోల్లో చెబుతున్నారు. సంగీతకర్త మోజార్ట్ ఒపేరాలో (పాటలతో నడిచే నాటకంలో) వాళ్ల రహస్య సంకేతాలున్నాయట, డాలర్ నోటు మీద కన్ను వాళ్లదేనట, హైదరాబాద్ గోషామహల్లో కూడా వాళ్ల భవనం ఉందట. ఇందులో నిజమెంత?"

నేను మేసన్‌ని, అంటే దీక్ష తీసుకుని చేరే, లోపలి తంతులు బయటికి చెప్పని ఆ సోదర సంఘం సభ్యుణ్ణి, కాను. కాలేజీలో యూరప్ చరిత్ర చాలా ఏళ్లు చెప్పాను, పాశ్చాత్య సంగీతం పిచ్చి ఉంది. ఈ రెండూ కలిసేచోట మేసన్లు తగులుతూనే ఉంటారు. కళల మీద వాళ్ల ప్రభావం నిజమే, తక్కువేమీ కాదు. అయితే వీడియోలవాళ్లు వెతికే చోట అది దొరకదు. దాచిపెట్టిన గుర్తుల సంగతి అంత ముఖ్యం కాదు. సంగీతకారుడు, జమీందారు, వ్యాపారి ఒకే బల్ల దగ్గర కూర్చునే గది ఒకటి మేసన్ల వల్ల ఏర్పడింది. కళ్లకు గంతలు కట్టి చీకట్లోంచి వెలుగులోకి నడిపించే దీక్ష ఒకటి వాళ్లు నాటకంలాగా తయారు చేశారు. కళాకారులు వాడుకున్నది ఈ రెండింటినీ.

పుట్టుక గురించి తొందరగా చెప్పేస్తాను. సొలొమోను ఆలయం, పిరమిడ్లు, టెంప్లర్లనే మధ్యయుగపు క్రైస్తవ యోధులు అంటూ చెప్పే మూలకథలన్నీ తర్వాత అల్లుకున్నవే. అసలు మూలం రాతిపని మేస్త్రీలు. మధ్యయుగాల బ్రిటన్‌లో చర్చిలు, కోటలు కట్టేవాళ్లు పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లేవారు. పనిచోట వేసుకున్న పాకే లాడ్జి. (మన బస్టాండు ఎదుటి లాడ్జి కాదు.) కొత్తగా వచ్చినవాడికి నిజంగా పని వచ్చో, వచ్చని కోతలు కోస్తున్నాడో తేల్చుకోవడానికి వాళ్లకు కొన్ని మాటలు, సైగలు ఉండేవి. స్కాట్లాండ్‌లో రాజుగారి కట్టడాలు చూసే విలియం షా అనే అధికారి 1598, 1599ల్లో ఈ లాడ్జీలకు రాతపూర్వకంగా నియమాలు పెట్టాడు. తర్వాత తాపీ పట్టని పెద్దమనుషులు కూడా చేరడం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో ఎలియాస్ ఆష్‌మోల్ అనే పండితుడు, 1646 అక్టోబరు 16న వారింగ్టన్‌లో తనను మేసన్‌గా చేర్చుకున్నారని డైరీలో రాసుకున్నాడు. కొంతకాలానికి మేస్త్రీలు పోయి మూలమట్టం, కంపాస్, తాపీ మాత్రం మిగిలాయి. నడవడిక సరిగ్గా ఉండాలనడానికి మూలమట్టం, అందరూ సమానమనడానికి రసమట్టం, ఇలా పనిముట్లన్నీ నీతి పాఠాలయ్యాయి.

1717 జూన్ 24న లండన్‌లో సెయింట్ పాల్ చర్చి పక్క 'గూస్ అండ్ గ్రిడైరన్' అనే మందు దుకాణంలో నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జిగా, అంటే లాడ్జీలకు పై సంఘంగా, ఏర్పడ్డాయని ఆనవాయితీగా చెప్పే లెక్క. అది 1721లో అని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. తేదీ కంటే మనకు ముఖ్యమైంది ఆ మందు దుకాణం. మొదటి లాడ్జీలకు సొంత భవనాల్లేవు. హోటలు మేడ మీద గది అద్దెకు తీసుకుని, తలుపు దగ్గర కత్తి పట్టుకున్న కాపలావాణ్ణి నిలబెట్టి, నేల మీద సుద్దతో, బొగ్గుతో స్తంభాలు, మెట్లు, పనిముట్ల బొమ్మలు గీసేవారు. దీక్ష అయ్యాక నీళ్ల బకెట్టు, గుడ్డకర్ర తెచ్చి అంతా తుడిచేసేవారు. పొద్దున్నే వేసి కాళ్ల కింద చెరిగిపోయే మన ముగ్గులాంటిదే. రోజూ గీయలేక తర్వాత గుడ్డ మీద వేయించి పరిచేవారు, ఆ తర్వాత చెక్క పలకల మీద రంగుల్లో వేయించి నిలబెట్టారు. నలుపు తెలుపు గళ్ల నేల, రెండు స్తంభాలు, ఆకాశానికి వేసిన నిచ్చెన, సూర్యచంద్రులు. మేసన్ల సొంత చిత్రకళ అంటూ ఏదైనా ఉంటే ఈ పలకలే. కళగా చూస్తే చాలావరకు నాసిరకమని నా అభిప్రాయం. కానీ ఒక పెద్ద చిత్రకారుడు ఈ గదుల్లోంచే వచ్చాడు.

అతను విలియం హోగార్త్. 1735లో గ్రాండ్ లాడ్జిలో స్టీవార్డ్ హోదాలో ఉన్నాడు, అంటే విందు ఏర్పాట్లు చూసే పెద్దల్లో ఒకడు. 1738లో అచ్చయిన అతని 'రోజులో నాలుగు వేళలు' వరసలో 'రాత్రి' అనే చిత్రం చూడండి. లండన్ వీధి, రాత్రి, ఎక్కడ చూసినా గందరగోళం. మధ్యలో ఒక లాడ్జి పెద్ద ఒళ్లు తెలియకుండా తాగి, నడుముకు మేసన్ల ఏప్రన్, మెడలో మూలమట్టం అలాగే వేసుకుని తూలుతూ ఇంటికి పోతున్నాడు. లాంతరు పట్టుకున్న కాపలావాడు అతన్ని మోసుకుపోతున్నంత పని చేస్తున్నాడు. పై కిటికీలోంచి ఎవరో మూత్రపాత్ర సరిగ్గా వాళ్ల మీదే కుమ్మరిస్తున్నారు. ఆ తాగుబోతు, థామస్ డి వెయిల్ అనే మేజిస్ట్రేట్ అని అప్పటివాళ్లు గుర్తుపట్టారు. జిన్ అనే మద్యం అమ్మేవాళ్లను పట్టి శిక్షించడంలో పేరు మోసినవాడు! లోపలి మనిషి తన సంఘం పెద్దమనిషినే ఇలా నడివీధిలో నిలబెట్టాడు. ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ముఠా అయితే దీన్ని అచ్చు వేయనిచ్చేదా?

1723లో జేమ్స్ ఆండర్సన్ రాసిన నియమావళి, మనుషులంతా ఒప్పుకునే మతం ఉంటే చాలు, మిగతా నమ్మకాలు ఎవరివి వాళ్లవే అంది. మతయుద్ధాలతో చితికిపోయిన యూరప్‌లో ఇది పెద్ద మాట. 1734లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాన్ని ఫిలడెల్ఫియాలో మళ్లీ అచ్చు వేశాడు. 1738లో పోప్ పన్నెండో క్లెమెంట్ కాథలిక్కులెవరూ మేసన్లలో చేరకూడదని ఆజ్ఞ జారీ చేశాడు. అయినా కాథలిక్కు ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జనం చేరుతూనే ఉన్నారు. మోజార్ట్ అలా చేరినవాడే.

1784 డిసెంబరు 14న, 28 ఏళ్ల వయసులో, వియన్నాలో 'దాతృత్వం' అనే పేరున్న చిన్న లాడ్జిలో అతను దీక్ష తీసుకున్నాడు. ఎందుకు చేరాడని అడిగితే, నాకు కనిపించే కారణం ఆ గదే. అప్పటికి మూడేళ్ల ముందు అతను సాల్స్‌బర్గ్ ఆర్చిబిషప్ కొలువు వదిలేశాడు. ఆ కొలువులో అతని భోజనం వంటవాళ్లు, నౌకర్ల బల్ల దగ్గర. వదిలేసేటప్పుడు ఆర్చిబిషప్ మనిషి ఒకడు తన్ని బయటికి తోశాడని తండ్రికి రాసిన ఉత్తరంలోనే ఉంది. అలాంటి మనిషికి, కౌంటులూ బారన్లూ 'సోదరా' అని పిలిచే గది అంటే ఏమిటో ఊహించుకోండి.

ఇంకో సంగీతకర్త హేడన్ సంగతి మరీ సరదాగా ఉంటుంది. 1785 ఫిబ్రవరి 11న ఇగ్నాజ్ ఫాన్ బోర్న్ నడిపే 'నిజమైన ఐకమత్యం' లాడ్జిలో దీక్ష తీసుకున్నాడు, మళ్లీ ఆ గడప తొక్కలేదు. మర్నాడు సాయంత్రం మోజార్ట్ ఇంట్లో, మోజార్ట్ తనకు అంకితం ఇవ్వబోతున్న క్వార్టెట్లు (నాలుగు తీగ వాద్యాలకు రాసిన రచనలు) విన్నాడు. వాయించినవాళ్లలో టింటి అనే ఇద్దరు బారన్లు కూడా మేసన్లే. తనకు తెలిసిన సంగీతకర్తల్లో మీ అబ్బాయే గొప్పవాడని హేడన్ లియోపోల్డ్ మోజార్ట్‌తో అన్నది ఆ సాయంత్రమే. ఆ ఏడాదే లియోపోల్డ్ కూడా లాడ్జిలో చేరాడు.

డబ్బు కోణం కూడా ఉంది. ప్యారిస్‌లో ఒలింపిక్ లాడ్జికి సొంత కచేరీ సంస్థ ఉండేది. దానికి ఆర్కెస్ట్రా నడిపినవాడు షెవాలియే ద సాన్-జార్జ్. గ్వాడలూప్ ద్వీపంలో ఒక బానిస స్త్రీకి, ఫ్రెంచి తోటల యజమానికి పుట్టిన వయొలినిస్టు, పేరుపడ్డ కత్తి వీరుడు, తనూ మేసనే. ఈ సంస్థే హేడన్‌తో 'ప్యారిస్ సింఫనీలు' అనే ఆరు సింఫనీలు (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచనలు) రాయించింది, ఒక్కోదానికి 25 లూయీలు (ఫ్రెంచి బంగారు నాణేలు) ఇచ్చి. లాడ్జి మొహం ఒక్కసారే చూసిన హేడన్‌కు లాడ్జి డబ్బు మాత్రం బాగానే ముట్టింది. వినేవాళ్లు, వాయించేవాళ్లు, డబ్బు పెట్టేవాళ్లు ఒకచోట చేరడం, ప్రభావం అంటే ముందుగా ఇదే. మోజార్ట్ కూడా చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు లాడ్జి సోదరుడు మిఖాయేల్ పుఖ్‌బెర్గ్ అనే బట్టల వ్యాపారికి అప్పు కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చదువుతుంటే మనకే ఇబ్బందిగా ఉంటుంది. పాపం, పుఖ్‌బెర్గ్ అడిగినంత కాకపోయినా దాదాపు ప్రతిసారీ ఎంతో కొంత పంపేవాడు.

ఇక 'మంత్ర వేణువు' (డీ సావ్‌బర్‌ఫ్లోటే). 1791 సెప్టెంబరు 30న వియన్నా శివారులో, షికానేడర్ అనే నటుడు నడిపే మామూలు జనం థియేటర్లో తొలి ప్రదర్శన. సంగీతం మోజార్ట్‌ది, మాటలు షికానేడర్‌వి. అతనూ ఒకప్పుడు లాడ్జి సభ్యుడే. వీడియోలవాళ్లు చెప్పే 'సంకేతాలు' ఇందులో ఉన్నమాట నిజమే, కానీ వాటిని ఎవరూ దాచలేదు. మొదలవడమే మూడు పెద్ద స్వరసముదాయాలతో మొదలవుతుంది, లాడ్జి తలుపు మీద కొట్టే దెబ్బల్లాగా. ముఖ్యమైన శ్రుతి ఈ-ఫ్లాట్ మేజర్, దాన్ని రాసేటప్పుడు మొదట్లో పెట్టేవి మూడు ఫ్లాట్లు (స్వరాన్ని అర మెట్టు తగ్గించే గుర్తులు). ముగ్గురు స్త్రీలు, ముగ్గురు బాలురు, మూడు ఆలయాలు. మూడు అనే అంకె మేసన్లకు ఎంత ఇష్టమో అప్పటి వియన్నాలో చాలామందికి తెలుసు.

సంకేతాల లెక్క అక్కడితో ఆపి, మొదటి అంకం చివరి భాగం వినండి. రాకుమారుడు టమీనో మూడు ఆలయాల ముందు నిలబడతాడు. రెండు తలుపుల దగ్గరికి పోతే లోపలినుంచి 'వెనక్కి!' అన్న కేక. మూడో తలుపు తెరుచుకుని ఒక ముసలి పూజారి వస్తాడు. అతనితో వాదన అయ్యాక టమీనో ఒంటరిగా మిగిలి, ఈ అంతులేని రాత్రి ఎప్పుడు పోతుంది, నా కళ్లకు వెలుగు ఎప్పుడు కనిపిస్తుంది అని అడుగుతాడు. కనపడని గొంతులు మెల్లగా జవాబిస్తాయి: త్వరలోనే, లేదంటే ఎప్పటికీ కాదు. లాడ్జి దీక్షలో కళ్లకు గంత ఉన్న కొత్తవాణ్ణి నీకేం కావాలని అడిగితే చెప్పాల్సిన జవాబు 'వెలుగు'. లోపలి కొద్దిమంది మాత్రమే చూసే తంతును మోజార్ట్ తీసుకొచ్చి, టికెట్టు కొన్న ప్రతివాడూ కూర్చునే హాల్లో పెట్టాడు. ప్రభావం అంటే నా దృష్టిలో ఇదీ.

ఇంకా ముందుకెళ్తే, రాకుమారుడు ఈ పరీక్షలకు తట్టుకోగలడా అని ఒకరు సందేహిస్తారు, అతను రాకుమారుడు కదా అని. పెద్ద పూజారి సరాస్ట్రో జవాబు: అంతకంటే ఎక్కువ, అతను మనిషి. ఫ్రెంచి విప్లవం మొదలై అప్పటికి రెండేళ్లే. ఆ సరాస్ట్రోకు నమూనా పైన చెప్పిన ఇగ్నాజ్ ఫాన్ బోర్న్ అని చాలామంది నమ్మకం. అతను ఖనిజ శాస్త్రవేత్త, బోర్నైట్ అనే రాగి ఖనిజానికి ఆ పేరు అతని వల్లే వచ్చింది. ప్రాచీన ఈజిప్టు పూజారుల గురించి మేసన్ల పత్రికలో పెద్ద వ్యాసం కూడా రాశాడు.

రెండో అంకంలో నిప్పు, నీటి పరీక్షల దగ్గర మోజార్ట్ లాడ్జిని దాటిపోయాడు. కవచాలు తొడుక్కున్న ఇద్దరు కాపలావాళ్లు ఒక పాత లూథరన్ కీర్తన బాణీలో హెచ్చరిక పాడతారు, కింద తీగ వాద్యాలు అడుగులో అడుగు వేస్తున్నట్టు నడుస్తాయి. సరిగ్గా అప్పుడు టమీనో ప్రేమించిన పమీనా వస్తుంది. టమీనో చెయ్యి పట్టుకుని, నేనే నిన్ను నడిపిస్తాను అంటుంది. అప్పటి వియన్నా లాడ్జీల్లో ఆడవాళ్లకు ప్రవేశమే లేదు, ఇదే ఒపేరాలో పూజారులు ఆడవాళ్ల గురించి నానా మాటలూ అంటారు, అయినా దీక్షలో ముందు నడిచేది ఒక అమ్మాయి. మోనోస్టాటోస్ అనే నల్లజాతి పాత్రను చిత్రించిన తీరు ఇవాళ చూస్తే ఒళ్లు మండుతుంది, అదీ చెప్పాలి. అన్నీ కలిపే ఆ ఒపేరా.

అక్టోబరులో భార్యకు రాసిన ఉత్తరంలో మోజార్ట్ ఒక చిరాకు చెప్పుకున్నాడు. బాక్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి గంభీరమైన ఘట్టాల్లో కూడా పగలబడి నవ్వుతున్నాడట. ఓపిక పట్టలేక అతన్ని 'పాపగేనో' అని తిట్టి (ఒపేరాలో పిట్టలు పట్టేవాడు, తిండి తప్ప ఇంకేం పట్టనివాడు) వేరే చోటికి పోయాడు. నవంబరులో లాడ్జి కొత్త గది ప్రారంభానికి చిన్న కాంటాటా (గాయకులకు, వాద్యాలకు కలిపి రాసే రచన) రాసి తనే నడిపించాడు. అతను పూర్తి చేసిన చివరి రచన అదే. డిసెంబరు 5న పోయాడు.

'రహస్యాలు బయటపెట్టాడని మేసన్లే విషం పెట్టి చంపారు' అన్న కథ ఇక్కడే పుట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో జర్మన్ జాత్యహంకారులు దాన్ని బాగా పెంచి పోషించారు. జరిగింది చూస్తే, లాడ్జిలో అతనికి సంతాప ప్రసంగం చేసి అచ్చు వేశారు, ఆ కాంటాటాను ప్రచురించి వచ్చిన డబ్బు భార్య కాన్‌స్టాంజెకు చేరేలా చూశారు. ఒపేరా రాసిన షికానేడర్ ఇంకో ఇరవై ఏళ్లు బతికాడు. లాడ్జీలకు అసలు గండం ప్రభుత్వం నుంచి వచ్చింది. రెండో జోసెఫ్ చక్రవర్తి 1785 డిసెంబరులోనే వాటి సంఖ్య తగ్గించి, సభ్యుల జాబితాలు అధికారులకు ఇవ్వాలన్నాడు. ఫ్రెంచి విప్లవం భయంతో 1795లో ఆస్ట్రియాలో పూర్తిగా నిషేధించారు.

డాలర్ నోటు మీద కన్ను అమెరికా రాజముద్రలోది, ఆ ముద్ర ఖరారైంది 1782లో. కన్ను సూచించిన చిత్రకారుడు డు సిమిటియేర్ మేసన్ కాడు. దేవుడి చూపుకు గుర్తుగా క్రైస్తవ చిత్రాల్లో ఆ కన్ను అంతకుముందు నుంచే ఉంది. నోటు మీదికి ఎక్కింది 1935లో. మేసన్లతో తరచూ కలిపేసి చెప్పే ఇల్యూమినాటి వేరే సంఘం: 1776లో బవేరియాలో ఆడమ్ వైస్‌హౌప్ట్ అనే ప్రొఫెసర్ పెట్టాడు, పదేళ్లు తిరక్కుండానే ప్రభుత్వం మూయించింది. మేసన్లు సైతానును కొలుస్తారన్న ప్రచారంలో పెద్ద భాగం లియో టాక్సిల్ అనే ఫ్రెంచి పాత్రికేయుడి కల్పన. పన్నెండేళ్లు పుస్తకాలు అమ్ముకుని, 1897 ఏప్రిల్ 19న ప్యారిస్‌లో సభ పెట్టి అంతా ఉత్తదేనని నవ్వుతూ చెప్పేశాడు. సభలో గొడవై పోలీసులు రావాల్సొచ్చింది. మీరు చూసిన వీడియోల సరుకు చాలావరకు అతని దుకాణానిదే.

మన దేశానికి వస్తే, ఈస్టిండియా కంపెనీతో పాటు 1730 ప్రాంతంలో కలకత్తాకు లాడ్జి వచ్చింది. సోదరభావం అన్న మాటకు అసలు పరీక్ష ఇక్కడే ఎదురైంది. బొంబాయిలో మానక్‌జీ కర్సెట్‌జీ అనే పార్సీని ఇంగ్లీషువాళ్ల లాడ్జి చేర్చుకోలేదు. ఆయన ప్యారిస్ వెళ్లి అక్కడ మేసన్ అయ్యాడు. 1843లో బొంబాయిలో భారతీయుల కోసం 'రైజింగ్ స్టార్' లాడ్జి మొదలైంది. కలకత్తాలో ప్రసన్న కుమార్ దత్తా అనే వ్యాపారి 1863లో దరఖాస్తు పెడితే, చాలామంది దేవుళ్లను కొలిచే హిందువు మేసన్ కాగలడా అని తొమ్మిదేళ్లు తర్జనభర్జన పడి 1872లో చేర్చుకున్నారు. ఇప్పుడు భారతీయ లాడ్జీల్లో బల్ల మీద భగవద్గీత, ఖురాను, బైబిలు, గురు గ్రంథ్ సాహిబ్ లాంటివన్నీ ఉంటాయి, ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు. ఆడవాళ్లకూ ప్రవేశమున్న ఫ్రెంచి శాఖలో 1902లో చేరిన అనీ బిసెంట్ ఆ శాఖను మన దేశానికి తెచ్చింది.

సాహిత్యంలో దీని ముద్ర బాగా కనిపించేది ఇంగ్లీషు రచయిత కిప్లింగ్‌లో. 1886లో లాహోర్ లాడ్జిలో చేరేటప్పటికి దానికి కావాల్సిన 21 ఏళ్లు అతనికి నిండలేదు, లాడ్జికి కార్యదర్శి కావాలి కాబట్టి ప్రత్యేక అనుమతి తెచ్చి చేర్చుకున్నారు. 'మదర్ లాడ్జ్' పద్యంలో బయట సలాములు, సెల్యూట్లు చేసుకునేవాళ్లు లోపల సోదరులుగా కూర్చున్న గదిని తలుచుకుంటాడు. కులం చెడుతుందని అక్కడ విందులు పెట్టేవాళ్లం కాదు అని కూడా ఒప్పుకుంటాడు. ఆ ఒక్క పాదం కోసమైనా ఆ పద్యం చదవాలి. తలుపు తీస్తే మళ్లీ దొరా, నౌకరే. అదే కిప్లింగ్ సామ్రాజ్యానికి బాకా ఊదినవాడు కూడా.

గోషామహల్ బారాదరి విషయం నిజమే. అది కుతుబ్‌షాహీల కాలపు కట్టడం, చివరి సుల్తాను తానీషా పేరుతో ముడిపడింది. ఆరో నిజాం హయాంలో 1872లో మేసన్లకు ఇచ్చారు. అప్పటికి నిజాం పసివాడు, రాజ్యం చూసింది సాలార్‌జంగ్. కట్టడం మేసన్ల చేతికి రాకముందే ఉంది కాబట్టి ఆ కమానుల్లో, గోడల్లో మేసన్ల రహస్య లెక్కలు వెతికితే ఏమీ దొరకవు. ఆ గోడలు లేచేనాటికి లండన్‌లో గ్రాండ్ లాడ్జే పుట్టలేదు. తెలుగు సాహిత్యం మీద, సంగీతం మీద మేసన్ల ప్రభావం అని చూపించగలిగింది కూడా నాకేమీ కనపడలేదు. ఇక్కడి లాడ్జీలు ఎక్కువగా అధికారులు, నవాబులు, వకీళ్లు, సైన్యంవాళ్లు కలుసుకున్న చోట్లు. అందుకే మీకు కళ కోణమే ఆసక్తి అయితే వియన్నా నుంచి మొదలుపెట్టండి. 'మంత్ర వేణువు' సబ్‌టైటిళ్లతో యూట్యూబ్‌లో దొరుకుతుంది, దాదాపు మూడు గంటలు పడుతుంది.